అనవసాదము

భగవదుపాసనకు మనస్సే ప్రధానసాధనము. నిన్న ప్రసన్నముగానున్న ఆ మనస్సే నేడు క్రుంగిపోవుచుండును. ఇట్లేల జరుగునో భగవద్రామానుజులు శ్రీభాష్యమున జిజ్ఞాసాధికరణమునందే విచారించిరి. వాక్యకారుని మతము ననుసరించి, ఎడతెగని భగవత్స్మరణకు వారు ఏడు సాధనములను పేర్కొనిరి. అవి వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము. అనవసాదమనగా మనస్సు క్రుంగకుండుట.

క్రుంగుటకు వారు రెండు కారణములను చూపిరి. దేశకాలములు ప్రతికూలించుట యొకటి. శోకవస్తువులు మరల మరల తలపునకు వచ్చుట రెండవది. వీనిచే మనస్సు తన కాంతిని కోల్పోవును. ఇందు పాపప్రసక్తి లేదని గమనింపవలెను. కావున క్రుంగినవానిని భక్తిహీనుడని నిందింపరాదు.

నందివాడ ప్రాంతమువారు దీనికి నిదర్శనమును దూరమున వెదకనక్కరలేదు. 2024 సెప్టెంబరులో కొల్లేటికి పోవు బుడమేరు పొంగి ఇచ్చటి పొలములను, చేపల చెరువులను ముంచెను. అది దేశకాలముల ప్రాతికూల్యము. నీరు తీసిన పిమ్మటను, మబ్బు పట్టినప్పుడెల్ల గుండె జారుట స్మరణవలన కలుగు అవసాదము. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తగా వేలమంది అసువులు బాసిరి. అట్టి దుఃఖమును కన్నవారికి ఆ మాసము వచ్చినంతనే మనస్సు కలతపడుట సహజము.

మరి తేరుకొనుట యెట్లు? తక్కిన సాధనములే ఇందుకు తోడ్పడును. వివేకమనగా ఇచ్చట ఆహారశుద్ధి. మితమైన తిండి, నిద్ర, పని దుఃఖమును పోగొట్టునని గీత ఆరవ అధ్యాయము తెలుపుచున్నది. క్రియ యనగా శక్తికొలది పంచమహాయజ్ఞములను నడపుట. దీపము వెలిగించుట, పశువులకు మేత వేయుట, అతిథికి పట్టెడన్నము పెట్టుట మనస్సు బాగుండనినాడును మానరాదు. దయ, దానము మొదలగునవి కల్యాణము. పరుల కష్టమున పాలుపంచుకొనువాని చూపు తన శోకమునుండి కొంత మరలును.

సుందరకాండమున హనుమంతుడు లంకయంతయు వెదకియు సీతను కానక క్రుంగిపోయెను; ప్రాణత్యాగమునకును తలపడెను. కాని జీవించియున్నవానికి శుభము కలుగునని విచారించుకొనెను. వెదకని చోటు అశోకవన మొక్కటి మిగిలియుండుట చూచి, సీతారామలక్ష్మణులకును దేవతలకును నమస్కరించి లేచెను. ఉత్సాహము దానంతట వచ్చువరకు అతడు వేచియుండలేదు. మిగిలిన పనికి పూనుకొనుటతోనే ఉత్సాహము వచ్చినది.

అనుద్ధర్షమనగా మితిమీరిన సంతోషమునకు లోనుగాకుండుట. పంటకు మంచి ధర పలికిననాడు పొంగిపోవువాడు, ధర పడిననాడు అంతగానే క్రుంగును. అందుచేతనే ఈ రెండును జంటగా చెప్పబడినవి.

రోగమును పెంచువానిలో విషాదము ముఖ్యమని చరకసంహిత చెప్పుచున్నది. నిద్రాహారములు చెడి వారములు గడచినను మనస్సు కుదుటపడనియెడల, లేదా బ్రతుకే వలదను మాట వినబడినయెడల, ఆలసింపక వైద్యునికి చూపించుట ఇంటివారి విధి. స్తోత్రపఠనము చాలునని ఊరకుండరాదు. శరీరరక్షణమును ధర్మమే గదా!

కావున క్రుంగినవాడు తన పనులలో నొకటినైనను విడువక చేయునుగాక. ఇరుగుపొరుగువారు అతనిని ఒంటరిగా విడువకుందురుగాక. అదియును భగవత్కైంకర్యమే.