కదలని మక్ఖీ: రైఫిలు ముందుగురిని సరిచేయు విధానము

రైఫిలు గొట్టపు కొసన నిలువుగా నిలిచి ఉండే చిన్న ఉక్కు పలకను ఫోర్‌సైట్ అంటారు. మన ఉర్దూ మిత్రులు దానిని మక్ఖీ, అనగా ఈగ అంటారు. గొట్టం కొసన ఈగ వాలినట్లే కనిపించే ఆ వస్తువుకు ఇంతకంటె సొగసైన పేరు నాకు స్ఫురించలేదు. తెలుగులో దానికి స్థిరపడిన మాట లేనందున ఈ వ్యాసంలో ముందుగురి అని వ్యవహరిస్తాను. కంటికి దగ్గరగా ఉండే గంటు వెనుకగురి.

నేను ఎన్.సి.సి.లో కేడెట్‌గా ఉన్న రోజులలో మా జట్టు ఎంపికకు ముందు ఒక చిక్కు వచ్చినది. నా మిత్రునికి ఇచ్చిన రైఫిలుతో 25 మీటర్ల నుండి కాల్చిన ఐదు గుండ్లూ ఒకే చోట, రూపాయి బిళ్ల కప్పేటంత దగ్గరగా పడినవి. కాని ఆ చోటు నల్లని వృత్తానికి 5 సెంటీమీటర్లు ఎడమగా ఉన్నది. ట్రిగ్గరును గుంజుతున్నావని అతనిని మందలించారు. నిజానికి ట్రిగ్గరును గుంజేవాని గుండ్లు అంత దగ్గరగా పడవు, చెదరిపోతాయి. గుండ్లు గుంపుగా ఉండి గుంపు మాత్రమే పక్కకు జరిగినప్పుడు ముందుగా అనుమానించవలసినది ఆయుధాన్ని. అదే రైఫిలును మరి ఇద్దరు నిలకడగల వారికిచ్చి కాల్పించి చూడవలెను. ముగ్గురి గుంపులూ ఒకే వైపు పోతే దోషం గురిది. తలా ఒక వైపు పోతే దోషం మనుషులది. ఈ చిన్న పరీక్ష అప్పుడు ఎవరూ చేయలేదు.

కుడివైపుకు గురిపెట్టి కాల్చు, సరిపోతుందని ఒక సీనియరు సలహా ఇచ్చాడు. వినడానికి బాగానే ఉంటుంది కాని, 25 మీటర్ల వద్ద 5 సెంటీమీటర్లుగా ఉన్న తప్పు 50 మీటర్ల వద్ద 10 అవుతుంది. పైగా చేతికి అలవాటైన ఆ తప్పు మంచి రైఫిలు దొరికిన నాడు కూడా వదలదు.

ముందుగురిని ఎంత జరపవలెనో తెలుసుకొనుటకు పదవ తరగతిలో చదివిన సరూప త్రిభుజాలే చాలును. పాత .303 లీ-ఎన్‌ఫీల్డ్ పొట్టి రైఫిలులోను, అభ్యాసం కోసం .22 గుండుకు మార్చిన దాని రూపంలోను రెండు గురుల నడుమ దూరం సుమారు 490 మిల్లీమీటర్లు. లక్ష్యం 25,000 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నది. అనగా ఇక్కడ ఒక మిల్లీమీటరు జరిగితే అక్కడ గుండు సుమారు 51 మిల్లీమీటర్లు జరుగును. నా మిత్రుని తప్పంతా కలిపి ఒక్క మిల్లీమీటరు!

ఎటు జరపవలెననే విషయంలో చాలామంది తికమకపడతారు. గుండ్లు ఎడమకు పోతే ముందుగురిని కూడా ఎడమకే జరపాలి. ముందుగురి ఎడమకు జరిగినప్పుడు దానిని తిరిగి వెనుకగురి గంటు నడుమకు తెచ్చుటకు కాల్చువాడు గొట్టాన్ని కుడికి తిప్పుతాడు. గుండు కుడికి పోతుంది. వెనుకగురి విషయంలో ఇది తలక్రిందులు. గుండ్లు పైకి పోతున్నట్లయితే ముందుగురిని జరిపి ప్రయోజనం లేదు. మరింత ఎత్తైన పలకను అమర్చాలి.

ముందుగురి పీఠం గొట్టానికి అడ్డంగా చెక్కిన గాడిలో బిగుతుగా కూర్చుంటుంది. ఆ గాడి పైన ఇరుకు, అడుగున వెడల్పు. కనుక పీఠం పక్కకు జరుగుతుందే గాని పైకి రాదు. ఏళ్ల తరబడి తేమ చేరి తుప్పు పట్టినా, పూసిన నూనె ఎండి జిగురైనా అది కదలదు. ఒక్కొక్కసారి కదలకుండా కావాలనే గాడి అంచున పంచితో గుర్తు కొట్టి ఉంటారు. కొన్ని రకాలలో బిగింపు మర కూడా ఉంటుంది. దీనిని చూడకుండా సుత్తి ఎత్తినవాడు పలకను విరుచుకుంటాడు.

మొదట బోల్టు, మ్యాగజైను తీసి, గొట్టంలో వెలుతురు కనిపించునో లేదో చూడాలి. తరువాత పీఠం మీదుగా గాడి అంచు వరకు సన్నని పెన్సిలు గీత గీయాలి; ఎంత కదిలినదో చెప్పేది ఆ గీత ఒక్కటే. కిరోసిను కలిపిన పలుచని నూనె చుక్కలుగా వేసి ఒక రాత్రి విడిచిపెట్టవలెను. తొందరపడేవారు ఇక్కడే చెడగొడతారు. మరునాడు చెక్క ముక్కలో తోలో అడ్డుపెట్టి గొట్టాన్ని ముందుగురికి సాధ్యమైనంత దగ్గరగా వైసులో పట్టించాలి. ఆనిక దూరంగా ఉంటే దెబ్బల బలం గొట్టం మీద పడుతుంది. ఇత్తడి కడ్డీని పలకకు కాక పీఠానికి ఆనించి చిన్న దెబ్బలు వేయాలి. ఇత్తడి మెత్తనిది కాబట్టి తాను నలిగి ఉక్కును కాపాడుతుంది. కదలకపోతే దెబ్బ పెంచరాదు, మళ్లీ నూనె వేయాలి. నిప్పుసెగ అసలే పనికిరాదు. కొన్ని రకాల పీఠాలు తగరపు మాటుతో అతికి ఉంటాయి, సెగకు అవి ఊడివస్తాయి. ఆర్మరర్ల వద్ద దీనికై మరతో నెమ్మదిగా నెట్టే పనిముట్టు కూడా ఉంటుంది. సుత్తి కంటె అదే మేలు.

అయితే కేడెట్ ఈ పనికి స్వయంగా పూనుకొనరాదు. ఆయుధం ప్రభుత్వానిది, దిద్దే అధికారం ఆర్మరర్‌ది. మనవంతు సాక్ష్యం సమకూర్చడం: ముగ్గురు కాల్చిన లక్ష్యపు కాగితాలు, వాటిపై తేదీ, రైఫిలు నంబరు. దిద్దిన తరువాత మళ్లీ ఐదు గుండ్లు కాల్చి చూచి, సరిగా ఉన్నదనుకున్నప్పుడు పీఠాన్ని తిరిగి బిగించమని అడగాలి.

మా రైఫిలును ఆర్మరర్ చూచినప్పుడు పాత పంచి గుర్తుకు ముందుగురి ఒక మిల్లీమీటరు కుడిగా జరిగి, అక్కడే తుప్పుపట్టి ఉన్నది. రెండు రాత్రులు నూనెలో నాని మూడవనాడు కదిలినది. నా మిత్రుడు కాల్చిన ఐదు గుండ్లూ నల్లని వృత్తం మధ్యన పడినవి. జట్టు అంతకు నాలుగు రోజుల ముందే రైలెక్కి వెళ్లిపోయినది. ఆ కాగితాన్ని అతడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.