ఇంటి బ్రాడ్‌బ్యాండు వేగమును కొలుచుట, వృద్ధిచేయుట

బోరు వేయించిన రైతు నీరు పడిన దినముననే ఎన్ని ఇంచుల నీరు పడినదో చూచుకొనును. చివరి మడికి నీరు చాలనపుడు వెంటనే మరియొక బోరు వేయింపడు. మొదట కాలువ వెంబడి నడచి గండి ఎక్కడ పడినదో వెదకును. ఇంతటి వివేకముగల రైతే తన ఇంటి ఇంటర్నెట్టు విషయములో మాత్రము కొలత యన్నది లేకయే నెలనెలా రుసుము చెల్లించుచున్నాడు. వేగము చాలలేదని తోచినచో హెచ్చు రుసుము గల పథకమునకు మారుచున్నాడు. ఈ పాఠములో మేము చెప్పదలచినది ఒక్కటే: ఖర్చు పెట్టుటకు ముందు కొలువవలెను, ఆ కొలత ఊట యొద్దనుండి ప్రారంభింపవలెను.

1. ఈ విషయము రైతునకు ఎందులకు?

భూమి దస్తావేజులు 2020 అక్టోబరు 29 నుండి ధరణి ద్వారాను, 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి ద్వారాను ఇంటర్నెట్టునందే చూచుకొనవలసి వచ్చినవి. మార్కెట్టు యార్డుల ధరలు తెలుపు ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న మొదలైనది. దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులో నెక్కించుటకై కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. పిల్లల పాఠములును, బ్యాంకు పనులును ఈ దారినే నడచుచున్నవి. కావున ఇంటర్నెట్టు నేడు విలాసవస్తువు కాదు. వ్యవసాయపు ఖర్చులలో ఒకటి. ఎరువు బస్తాను తూచి పుచ్చుకొను మనము దీనిని మాత్రము తూచక పుచ్చుకొనుట తగదు.

2. విమానముల వలన వేగము తగ్గునా?

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైనది మొదలు ఈ ప్రాంతములో ఏ యంత్రము సరిగా పనిచేయకున్నను విమానములనే నిందించుట వాడుకయైనది. ఇంటర్నెట్టు విషయములో ఈ నింద చాలవరకు నిరాధారము. ఫైబరు తీగలో ప్రవహించునది వెలుతురు. దానిని ఆకాశమునందలి రేడియో తరంగములు తాకజాలవు. పైలట్లు మాటలాడు రేడియో 118 నుండి 137 మెగాహెర్ట్జుల మధ్య నుండును. మన ఇంటి వైఫై 2,400 మెగాహెర్ట్జులకు పైబడినది. ఈ రెండును వేరువేరు దారులు.

అయినను రెండు సంగతులు నిజమైనవి కలవు. మొదటిది 5జీని గూర్చినది. విమానము నేలకు ఎంత ఎత్తున నున్నదో తెలుపు రేడియో ఆల్టీమీటరు 4,200 నుండి 4,400 మెగాహెర్ట్జులలో పనిచేయును. దానికి భంగము కలుగకుండుటకై 2022 నవంబరులో కేంద్ర టెలికాం శాఖవారు కంపెనీలకు ఒక ఆజ్ఞ ఇచ్చిరి: రన్‌వే రెండు కొనలనుండి 2.1 కిలోమీటర్ల వరకును, రన్‌వే మధ్యరేఖకు 910 మీటర్ల వరకును 3,300–3,670 మెగాహెర్ట్జుల 5జీ స్తంభములను నెలకొల్పరాదు. 2023 సెప్టెంబరులో హైదరాబాదుతో సహా ఎనిమిది నగరములలో మొదలైన జియో ఎయిర్ ఫైబర్ వంటి సేవలు తీగ లేక 5జీ తరంగముల ద్వారా ఇంటికి ఇంటర్నెట్టు నిచ్చునవి. కాబట్టి రన్‌వేకు దగ్గరనున్న గ్రామములవారు అట్టి సేవను కోరునపుడు తమ ఇంటి మీదనే పరీక్షించి చూపుమని అడిగి, పిదప సొమ్ము చెల్లించుట మేలు.

రెండవది 5 గిగాహెర్ట్జు వైఫైని గూర్చినది. అందలి కొన్ని చానళ్లను రాడారు యంత్రములును వాడుకొనును. రాడారు సంకేతము వినబడినచో రౌటరు ఆ చానలును విడిచి వేరొక దానికి మారవలెనని నిబంధన. మారునపుడు కొంతసేపు వైఫై నిలిచిపోవచ్చును. మీ ఇంట 5 గిగాహెర్ట్జు వైఫై మాటిమాటికి తెగి, దానంతట అదియే తిరిగి వచ్చుచున్నయెడల, రౌటరులో 36, 40, 44, 48 చానళ్లలో నొకదానిని ఏర్పరచి చూడుడు. వీనికి ఆ నిబంధన లేదు.

3. కొలతల పేర్లు

వేగమును సెకనుకు ఇన్ని మెగాబిట్లని చెప్పుదురు. ఇవి మెగాబైట్లు కావు. 8 బిట్లు ఒక బైటు. అనగా 100 మెగాబిట్ల పథకములో సెకనుకు దిగునది 12.5 మెగాబైట్లు మాత్రమే. ఈ భేదము తెలియక, కంపెనీవారు ఎనిమిదవ వంతే ఇచ్చుచున్నారని తగవు పడినవారు కలరు.

పరీక్షలో మూడు సంఖ్యలు కనబడును. డౌన్‌లోడు అనగా మన ఇంటికి వచ్చు వేగము; అప్‌లోడు అనగా మన ఇంటినుండి పోవు వేగము; పింగు అనగా మన సందేశము పోయి జవాబు తిరిగి వచ్చుటకు పట్టు కాలము. పింగును మిల్లీసెకనులలో చెప్పుదురు. మొదటి రెండును ఎంత హెచ్చయిన అంత మంచిది. పింగు ఎంత తగ్గిన అంత మంచిది. వీడియోలో మాట తడబడుచున్నచో పింగు హెచ్చుతగ్గులగుచున్నదేమో చూడవలెను.

భారత ప్రభుత్వ నిర్వచనము ప్రకారము 2023 జనవరి 25 నుండి బ్రాడ్‌బ్యాండు అనిపించుకొనుటకు కనీసము 2 మెగాబిట్ల డౌన్‌లోడు వేగముండవలెను. అంతకుముందు అది అర మెగాబిట్టు మాత్రమే. స్పష్టమైన వీడియో పాఠమొకటి చూచుటకు సుమారు 5 మెగాబిట్లు చాలును. నలుగురు ఒకేసారి వాడు ఇంటికి 30 మెగాబిట్లు నిలకడగా అందినచో కొరత యుండదు.

4. పరీక్షించు విధము

పరీక్షకు ఊక్లావారి స్పీడ్‌టెస్టు గాని, నెట్‌ఫ్లిక్సువారి ఫాస్ట్ డాట్ కామ్ గాని చాలును. వీనికి రుసుము లేదు. పరీక్షకు ముందు ఈ జాగ్రత్తలు వహింపవలెను.

(అ) ఫోనులో మొబైలు డేటాను ఆపివేయవలెను. లేనిచో కొలచినది సిమ్ము వేగమో ఇంటి వేగమో తెలియదు.
(ఆ) ఇంటిలోని టీవీ, తక్కిన ఫోనులు, కెమెరాలు ఆ సమయమున ఇంటర్నెట్టును వాడకుండ చూడవలెను. తూములన్నియు తెరచియుంచి ఒక్క తూము నీటిని కొలచిన ప్రయోజనమేమి?
(ఇ) ప్రతి చోటను వెంటవెంటనే మూడు మారులు కొలచి, నడిమి సంఖ్యను వ్రాసుకొనవలెను.

కొలువవలసిన చోట్లు మూడు. మొదటిది ఊట: రౌటరునకు లాప్‌టాపును కేబులుతో కలిపి కొలువవలెను. స్వంత లాప్‌టాపు లేనివారు చదువుకొను పిల్లల యొద్ద అరగంట అడిగి తెచ్చుకొనవచ్చును. అదియు దొరకనిచో రౌటరునకు రెండడుగుల దూరమున ఫోనును 5 గిగాహెర్ట్జు వైఫైకి కలిపి కొలువవలెను. రెండవది కాలువ: రౌటరున్న గదిలోనే వైఫైతో. మూడవది చివరి మడి: మీరు నిజముగా వాడుకొను గదిలో.

కొలువవలసిన వేళలు కూడ మూడు: ఉదయము, మధ్యాహ్నము, రాత్రి 9 గంటలకు. రాత్రి వేళ ఎందుకనగా, ఫైబరు ఊరందరికి పంచబడునట్టిది. ఎక్కువ వాడుకలో నున్న జీపాన్ పద్ధతిలో ఒక్క ఫైబరునందు సెకనుకు సుమారు 2,488 మెగాబిట్లు వచ్చును. దానినే 32 లేక 64 ఇండ్లకు చీల్చి పంచుదురు. అందరును ఒకేసారి తూములు తెరచినపుడు ఆయకట్టు చివర ఏమగునో రైతులకు చెప్పనక్కరలేదు.

ఒక హెచ్చరిక. 100 మెగాబిట్ల వేగముతో 10 సెకనులు పరీక్షించినచో 125 మెగాబైట్లు ఖర్చగును. నెలకు ఇంతయని డేటా హద్దు గలవారు ఇది మనసున నుంచుకొనవలెను.

5. ఒక సభ్యుని ఇంట జరిగినది

శంషాబాదునకు సమీపమున ఒక సభ్యుడు 100 మెగాబిట్ల పథకము కలిగియు, వెనుక గదిలో కూతురు చదువుకొనుటకు వీలుగాక, నెలకు 400 రూపాయలు హెచ్చు గల పథకమునకు మారనిశ్చయించెను. మేము పోయి కొలచితిమి. కేబులుతో 94, రౌటరున్న గదిలో 71, వెనుక గదిలో 6. ఊట నిండుగా నున్నది; కాలువలోనే నీరింకిపోవుచున్నది. వెదకి చూడగా రౌటరును దుమ్ము పడకుండ ఇనుప బీరువా వెనుక పెట్టియుండిరి. మధ్యనున్నవి రెండు రాతి గోడలు. 10 మీటర్ల కేబులు కొని రౌటరును నడిమి హాలులో తలుపు పైనున్న అరమీదికి మార్చితిమి. వెనుక గదిలో 48 వచ్చినది. అయిన ఖర్చు కేబులు వెల మాత్రమే. మిగిలినది ఏడాదికి 4,800 రూపాయలు. ఆయన పెద్ద పథకమునకు మారియున్నచో ఆ గదిలోనికి వచ్చునది మరల ఆ ఆరు మెగాబిట్లే.

మా పొరపాటును కూడ దాచము. అంతకు పూర్వము మరియొక సభ్యుని ఇంట కేబులుతో కొలువకయే, రౌటరు పాతదని చెప్పి క్రొత్తది కొనిపించితిమి. వేగము పెరుగలేదు. పిదప చూడగా కిటికీ సందులో ఫైబరు తీగ నలిగి వంగియున్నది. దానిని మార్చినంతనే సరిపోయినది. ఆ రైతు 2,800 రూపాయలు మా మాట మీద వ్యర్థముగా ఖర్చుపెట్టెను. ఊట యొద్ద కొలువనిదే సలహా చెప్పరాదని మేము నేర్చుకొన్నది ఆనాడే.

6. ఇంటిలో చేయదగిన బాగులు

ఒకమారు ఒక్క మార్పే చేసి మరల కొలువవలెను. రెండెరువులు కలిపి చల్లినచో దేనివలన పైరు పెరిగినదో ఎట్లు తెలియును?

(అ) రౌటరును ఇంటి నడుమ, మనిషి ఎత్తున, ఎదుట అడ్డు లేని చోట నుంచవలెను. బీరువా, ఫ్రిజ్జు, నీటి తొట్టి, మైక్రోవేవు పొయ్యి దగ్గర నుంచరాదు.
(ఆ) దగ్గర గదులలో 5 గిగాహెర్ట్జు వైఫైని వాడవలెను. 2.4 గిగాహెర్ట్జు దూరము పోవును గాని నెమ్మదైనది, పొరుగిండ్లతో రద్దీయైనది. దానిని వాడవలసి వచ్చినచో 1, 6, 11 చానళ్లలో రద్దీ తక్కువైన దానిని ఏర్పరచుకొనవలెను.
(ఇ) కదలని టీవీకి, కంప్యూటరునకు కేబులు వేయుట ఉత్తమము. ఎంత పెద్ద పథకమునకు మారినను కేబులు కొలత 94 యొద్దనే నిలిచియున్నచో, కేబులు గాని రౌటరు రంధ్రము గాని 100 మెగాబిట్ల తరగతిదని గుర్తింపవలెను.
(ఈ) ఫైబరు తీగను మడువరాదు, మేకుతో బిగింపరాదు, దాని మీద బరువులు పెట్టరాదు. పెట్టెపై ఎఱ్ఱదీపము వెలిగినచో వెలుతురు అందుటలేదని అర్థము. దానిని మనము విప్పరాదు, కంపెనీవారిని పిలువవలెను.
(ఉ) వైఫై పాస్‌వర్డును ఊరందరికి చెప్పియున్నయెడల మార్చుకొనవలెను. మన కాలువకు ఎవరు మడవ తీసికొనిరో అప్పుడు తెలియగలదు.

7. దోషము వెలుపల నున్నపుడు

కేబులు కొలతయే తక్కువగా నున్నయెడల ఇంటిలో ఎన్ని మార్పులు చేసినను ఫలము లేదు. అప్పుడు వారము దినముల కొలతలను తేదీ, వేళలతో వ్రాసి, పరీక్షల చిత్రములను ఫోనులో భద్రపరచి కంపెనీవారికి ఫిర్యాదు చేయవలెను. నెల డేటా హద్దు మించినందున వేగము తగ్గించిరేమో ముందుగా బిల్లులో చూచుకొనవలెను. ఫిర్యాదు చేసినపుడు డాకెట్టు నంబరు తప్పక అడిగి వ్రాసుకొనవలెను. 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారము, ఫిర్యాదు తీరనిచో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి విన్నవించుకొను హక్కు వినియోగదారునకు కలదు. “నెట్టు స్లోగా ఉన్నది” అను మాటకు జవాబు దాటవేయవచ్చును. “ఏడు రాత్రులు 9 గంటలకు కేబులుతో 18 మించలేదు” అను మాటకు జవాబు చెప్పక తప్పదు.

పరీక్షలో వేగము బాగుండియు ఒక్క భూభారతియే తెరుచుకొననిచో, దోషము మన ఇంటిది గాని కంపెనీది గాని కాకపోవచ్చును. పరీక్ష తరచుగా సమీపముననున్న యంత్రముతోనే జరుగును. ఆ పోర్టలు యొద్ద రద్దీ యుండవచ్చును. కొంతసేపు తాళి మరల చూడవలెను.

ఈ పాఠము చదివిన ప్రతి సభ్యుడును ఈ నెలలో ఒక దినమైనను తన ఇంట మూడు చోట్ల, మూడు వేళల కొలచి, ఆ తొమ్మిది సంఖ్యలను పాలలెక్క వ్రాయు పుస్తకములోనే ఒక పుటలో వ్రాసియుంచవలెనని మా కోరిక. వచ్చే నెల రుసుము చెల్లించుటకు పూర్వము ఆ పుటను ఒకమారు చూచుకొనుడు.