ఇంటి వెల – దారి వెల

పాఠ్యభాగ నేపథ్యం

నగరాలు విస్తరిస్తున్న కొద్దీ సామాన్యుని ఇల్లు నగరమధ్యం నుండి దూరంగా జరుగుతున్నది. పరిమితమైన ఆదాయంతో శివారు ప్రాంతాలలో ఇల్లు వెదికే కుటుంబం ఏయే అంశాలను తూచి చూడాలో, హైదరాబాదు తూర్పు శివార్లను ఉదాహరణగా తీసుకొని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నది పెద్దల మాట. ఈ రెండు కార్యాలలోనూ ముందుగా వేసుకొన్న లెక్క చివరిదాకా నిలువదని దాని భావం. లెక్క తప్పడానికి కారణం ధరలు పెరగడం ఒక్కటే కాదు. కొన్ని ఖర్చులను మనం ఖర్చులుగా గుర్తించకపోవడం కూడా. ఇల్లు కొనేవారు ఎక్కువగా మరచిపోయే ఖర్చు దూరం.

హైదరాబాదు నగరాన్నే చూడండి. 2007లో చుట్టుపక్కల ఉన్న 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు నగరపాలక సంస్థలో కలిసి మహానగరంగా ఏర్పడ్డాయి. ఆ తరువాత 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి నగరం చుట్టూ వెలసింది. ఒకనాటి పల్లెలు, పంటపొలాలు కాలనీలుగా మారాయి. చేతిలో కొద్దిపాటి సొమ్ము గల మధ్యతరగతి కుటుంబం ఇల్లు వెదుకుతూ ఆ అంచుల వైపే ప్రయాణిస్తున్నది. ఎంత దూరం పోతే అంత చవక. అయితే ఎంత చవక అయితే అంత లాభమా? ఈ ప్రశ్నకు సమాధానం తెలుసుకోవడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం.

తండ్రికి సికింద్రాబాదులో ఉద్యోగం. ఆయన పదవీ విరమణకు ఇంకా 20 సంవత్సరాలు ఉన్నది. తల్లి ఇంటివద్దనే బట్టలు కుడుతుంది. కుమార్తె తార్నాకలో ఇంటర్మీడియట్ చదువుతున్నది. వృద్ధురాలైన నాయనమ్మను నెలకొకసారి ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. కుటుంబ ఆదాయం నెలకు 80,000 రూపాయలు. వారు రెండు ఇళ్ళు చూశారు. మొదటిది ఉప్పల్‌లో, మెట్రో స్టేషనుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న పాత ఫ్లాటు. రెండు ఇరుకు గదులు, ఒక చిన్న వంటగది. వెల 60 లక్షలు. రెండవది వరంగల్ రహదారిలో ఘట్‌కేసర్ దాటిన తరువాత కొత్తగా కట్టిన ఇల్లు. విశాలమైన మూడు గదులు, ముంగిట వేపచెట్టు. వెల 45 లక్షలు. ఈ వెలలు మన లెక్క కోసం అనుకొన్నవే. ఏ కుటుంబమైనా వీటి స్థానంలో తమ అంకెలను వేసుకోవచ్చు.

ముందుగా డబ్బు లెక్క చూద్దాం. 30 లక్షల నుండి 75 లక్షల వరకు ఉండే గృహఋణాలలో బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి అప్పు ఇవ్వరాదన్నది రిజర్వు బ్యాంకు నియమం. మిగిలినది మన చేతి నుండి పెట్టుకోవాలి. దీనికి రిజిస్ట్రేషను ఖర్చు అదనం. తెలంగాణలో స్టాంపు సుంకం, ఇతర రుసుములు కలిపి 2021 జూలైలో 7.5 శాతానికి పెరిగాయి. ఆ లెక్కన ఉప్పల్ ఇంటికి 48 లక్షల అప్పు పుట్టినా, చేతిలో 16 లక్షల 50 వేలు ఉండాలి. ఘట్‌కేసర్ ఇంటికి 36 లక్షల అప్పు, సుమారు 12 లక్షల 40 వేల సొంత సొమ్ము చాలు. 8.5 శాతం వడ్డీతో 20 సంవత్సరాల గడువుకు లక్ష రూపాయల అప్పు మీద నెలకు సుమారు 868 రూపాయల వాయిదా పడుతుంది. అంటే మొదటి ఇంటికి నెలవాయిదా 41,660 రూపాయలు, రెండవ దానికి 31,250 రూపాయలు. మొదటిది కుటుంబ ఆదాయంలో సగానికి పైగా మింగివేస్తుంది. రెండవది నలభై శాతం లోపల నిలుస్తుంది. ఇంతవరకు చూస్తే సందేహానికి తావు లేదు. దూరపు ఇల్లే మేలు.

ఇప్పుడు దారి లెక్క చూద్దాం. “కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ” అన్నట్లు, చవక ఇంటితోపాటు వచ్చే చిల్లర ఖర్చులు కొన్ని ఉంటాయి. తండ్రికి, కుమార్తెకు కలిపి బస్సులకు, ఆటోలకు అదనంగా నెలకు 3,000 రూపాయలు, వేసవిలో ట్యాంకరు నీటికి సగటున 1,500 రూపాయలు అవుతాయనుకొందాం. నెలకు మిగిలే 10,410 రూపాయలలో ఈ 4,500 పోతే నికరంగా మిగిలేది 5,910 రూపాయలు. ఇక కాలం సంగతి. దూరపు ఇంటి నుండి వెళ్ళి రావడానికి ఒక్కొక్కరికి రోజుకు రెండు గంటలు అదనంగా పడితే, నెలకు 25 రోజుల చొప్పున ఇద్దరికీ కలిపి 100 గంటలు. అనగా ఆ కుటుంబం తన కాలాన్ని గంటకు 59 రూపాయల చొప్పున అమ్ముకొంటున్నదన్నమాట. ఒక మనిషికి సంవత్సరానికి 600 గంటలు, అంటే 25 పూర్తి దినాలు. తండ్రి మిగిలిన ఉద్యోగకాలమంతటా ఇలాగే తిరిగితే 500 దినాలు, పదహారు నెలలకు పైబడిన ఆయుష్షు దారిలోనే గడచిపోతుంది.

ఈ లెక్క చూసి దూరపు ఇల్లు పనికిరాదని తీర్మానించడం తొందరపాటు. చేతిలో 16 లక్షలు లేనివానికి గంట విలువ చెప్పి ప్రయోజనం లేదు. ఆదాయంలో సగం వాయిదాకు పోతే, అనారోగ్యం కలిగిన నెలలో కళాశాల రుసుము ఎక్కడి నుండి వస్తుంది? కాలాన్ని పొదుపు చేయబోయి చదువును పణంగా పెట్టడం వివేకం కాదు. కనుక అడుగవలసిన ప్రశ్న “ఏ ఇల్లు చవక?” అన్నది కాదు. “ఈ దూరాన్ని ఎవరు మోస్తారు, ఎన్ని సంవత్సరాలు మోస్తారు?” అన్నది.

ప్రతి దూరానికీ ఒక ఆయుష్షు ఉన్నది. కళాశాల దూరం డిగ్రీతో కలిపి ఐదు సంవత్సరాలది. ఉద్యోగపు దూరం ఇరవై సంవత్సరాలది. ఆసుపత్రి దూరం నెలకొకసారిదే అయినా, అర్ధరాత్రి వేళ అవసరం కలిగితే ఆ ఒక్కసారే ప్రాణాంతకం కావచ్చు. మంచినీటి కొరత ఆ ఇంట్లో ఉన్నంతకాలమూ వెంటాడుతుంది. అల్పాయువైన కష్టాన్ని ఓర్చుకోవచ్చు. దీర్ఘాయువైన కష్టాన్ని ముందే తూచి చూడాలి.

మోసేవారి మాట వినడం అంతకంటె ముఖ్యం. సాధారణంగా ఇల్లు ఎంపిక చేసేది ఒకరు, దూరాన్ని మోసేది మరొకరు. మన కుటుంబంలో తండ్రి గదులను, గాలి వెలుతురును చూసి మురిసిపోయాడు. తిరుగు ప్రయాణంలో కుమార్తె ఒక్క మాటే అన్నది: “నాన్నా, ఇల్లు బాగుంది. కాని బస్సు దిగిన తరువాత ఇంటిదాకా ఒక్క దీపం కూడా లేదు. చలికాలంలో నేను వచ్చే వేళకు చీకటి పడుతుంది కదా!” నాలుగు గోడల మధ్య కనిపించని లోపం ఆ దారిలో కనిపించింది. తల్లి మరొక మాట చేర్చింది: “ఇక్కడ నాకు బట్టలు ఇచ్చేవారు ఎవరండీ? ఉన్న ఇళ్ళే నాలుగు.” కొనుగోలు పత్రం మీద సంతకం చేసేవారు ఇటువంటి మాటలను తేలికగా తీసుకోరాదు.

“రేపు రోడ్డు వస్తుంది, రైలు వస్తుంది” అన్న ఆశతో వెల కట్టడం మరొక పొరపాటు. దూరపు కొండలు నునుపు. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో నాగోలు–మియాపూరు మధ్య మొదలై ఉప్పల్ వాసులకు మేలు చేసింది. కాని అదే పథకంలో ఫలక్‌నుమా వరకు చేరవలసిన మార్గం 2020లో మహాత్మాగాంధీ బస్సు స్టేషను వరకే ప్రారంభమైంది. ఉప్పల్–నారపల్లి ఎత్తు వంతెన పనులు 2018లో మొదలై, గడువు దాటి ఏళ్ళ తరబడి సాగాయి. ఆ సంవత్సరాలన్నీ ఆ దారిన వెళ్ళేవారు గుంతలను, దుమ్మును భరించారు. ఎం.ఎం.టి.ఎస్. రైలు 2024 మార్చిలో ఘట్‌కేసర్ చేరింది. అయితే “రైలు ఉన్నదా?” అని అడిగితే చాలదు. “మనం వెళ్ళే వేళకు ఉన్నదా?” అని అడగాలి. రాబోయే సౌకర్యం వస్తే వరం. ఉన్న సౌకర్యాన్ని బట్టే వెల కట్టాలి.

నీరు లేకపోవడం ఒక బాధ అయితే, నీరు ముంచెత్తడం మరొక బాధ. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచివేసింది. ఆ అనుభవంతోనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలశాయి. అయినా గొలుసుకట్టు చెరువుల దారులలో ఇళ్ళు లేచినందువలన 2020 అక్టోబరు వానలకు అనేక కాలనీలు రోజుల తరబడి నీటిలో నిలిచాయి. చెరువు పూర్తి నీటిమట్టంలోను, దాని చుట్టూ విడువవలసిన రక్షణ స్థలంలోను కట్టిన ఇల్లు ఎంత చవకైనా కొనరాదు. 2012 నాటి నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు విడువవలసి ఉన్నది. ఇల్లు కొనేముందు లేఅవుటు అనుమతి, లింకు దస్తావేజులు, ఈ.సి. న్యాయవాదికి చూపించాలి. కొత్త అపార్ట్‌మెంటు అయితే 2016 నాటి రెరా చట్టం కింద నమోదైనదో లేదో చూసుకోవాలి.

ఆదివారం ఉదయం చూసిన ఇల్లు అందంగానే ఉంటుంది. సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఆ ఇంటి నుండి బయలుదేరి కళాశాలకు, కార్యాలయానికి వెళ్ళి చూడాలి. వాన కురిసిన మరునాడు వీధిని చూడాలి. పొరుగింటివారిని నీటి సంగతి అడగాలి. వీలైతే ఆ ప్రాంతంలోనే కొన్ని నెలలు అద్దెకు ఉండి, తరువాత కొనాలి.

మన కుటుంబం చివరకు ఉప్పల్, ఘట్‌కేసర్‌ల నడుమ మేడిపల్లి ప్రాంతంలో వెదకడం ప్రారంభించింది. అక్కడ మూడు గదులు దొరకకపోవచ్చు, వేపచెట్టు ఉండకపోవచ్చు. గదిని తరువాత వేసుకోవచ్చు, చెట్టును నాటుకోవచ్చు. ఇంటిని మార్చుకోవచ్చు కాని, అది నిలిచిన చోటును మార్చలేము. అందుకే ఇంటి వెలతోపాటు దారి వెలను కూడా లెక్కించినవాడే ఇల్లు కొన్నవాడు.

కఠిన పదాలకు అర్థాలు

శివారు = పొలిమేర, అంచు
నెలవాయిదా = అప్పు తీర్చడానికి నెలనెలా చెల్లించే మొత్తం
నికరంగా = ఖర్చులు పోగా కచ్చితంగా మిగిలినది
పణంగా పెట్టు = పందెంగా ఒడ్డు
దస్తావేజు = హక్కు పత్రం
గొలుసుకట్టు చెరువులు = ఒకటి నిండి మరొకదానిలోకి పారే చెరువుల వరుస

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. పరిమిత ఆదాయం గల కుటుంబం శివార్లలో ఇల్లు కొనేటప్పుడు పరిశీలించవలసిన అంశాలను వివరించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. “ప్రతి దూరానికీ ఒక ఆయుష్షు ఉన్నది” – ఈ వాక్యాన్ని సమర్థించండి.
2. తల్లి, కుమార్తె గుర్తించిన లోపాలు ఏవి? అవి తండ్రికి ఎందుకు కనిపించలేదు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. హైదరాబాదు మెట్రో మొదట ఏయే ప్రాంతాల మధ్య ప్రారంభమైంది?
2. చిన్న చెరువుల చుట్టూ ఎన్ని మీటర్ల స్థలం విడువాలి?

ఈ) కృత్యం
మీ ఇంటి నుండి కళాశాలకు వెళ్ళి రావడానికి పట్టే కాలాన్ని, ఖర్చును ఒక వారం పాటు నమోదు చేయండి. సంవత్సరానికి ఎన్ని దినాలవుతుందో లెక్కగట్టి తరగతిలో చర్చించండి.