వ్యాధి సమయములో లోతైన ఆత్మీయ జీవితము

చదవవలసిన వాక్యభాగములు: 2 రాజులు 20:1–7, 2 కొరింథీయులకు 12:7–10



ఈ పుస్తకము మీరు ఎక్కడ కూర్చొని చదువుతున్నారో కొంతవరకు ఊహించగలము. ఓపీ చీటీ చేతపట్టుకొని బెంచీమీద మీ వంతు కొరకు ఎదురుచూస్తూ ఉండవచ్చు. రక్తపరీక్ష రిపోర్టు రావడానికి ఇంకా గంట పట్టవచ్చు. లేదా వార్డులో మీవారి మంచము ప్రక్కన కూర్చొని ఉండవచ్చు. అలాంటి వేళ మనస్సులో మెదిలే ప్రార్థన ఒక్కటే: ప్రభువా, ఈ జబ్బు పోవాలి.

ఆ ప్రార్థనలో తప్పు లేదు. సువార్తలలో యేసు ప్రభువు దగ్గరకు వచ్చిన రోగులందరూ అదే అడిగారు. ఆయన వారిలో ఎవరినీ విసుగుకొనలేదు. అయితే మన ఆత్మీయ జీవితము ఆ ఒక్క కోరిక దగ్గరే ఆగిపోతే, జబ్బు తగ్గగానే ప్రార్థన తగ్గిపోతుంది. జబ్బు తగ్గకపోతే విశ్వాసమే తగ్గిపోతుంది. తగ్గినా తగ్గకపోయినా నిలిచే విశ్వాసము ఎలాంటిదో ఈ పాఠములో ధ్యానించుదాము.

1. జబ్బు దేవుని కోపమా?

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న యోహాను సువార్త 9వ అధ్యాయములో ఉన్నది. ఎవరి పాపము వలన ఇలా జరిగింది, ఇతనిదా, కన్నవారిదా అని వారు అడిగారు. నేటికీ మన ఊళ్లలో ఇదే ప్రశ్న. చూడవచ్చిన బంధువులు అంటారు: "ఏం పాపం చేశామో, మనకీ గతి." యేసు ప్రభువు ఆ రెండు జవాబులనూ త్రోసివేశాడు. ఆ మనిషి జీవితములో దేవుని పని కనబడాలన్నదే ఆయన చూచాడు.

పొగ త్రాగుట, మద్యము వంటి అలవాట్లు శరీరమును పాడుచేస్తాయన్నది నిజమే. వాటిని విడిచిపెట్టాలి. కాని మంచముమీద ఉన్న మనిషిమీద దేవుడు పగపట్టాడని అనుకొనవద్దు. లోతైన ఆత్మీయ జీవితమునకు మొదటి మెట్టు ఇదే: దేవుడు నా ప్రక్కన ఉన్నాడు, నాకు విరోధముగా లేడు.

2. మందు వేసుకొనుట అవిశ్వాసమా?

హిజ్కియా రాజుకు మరణకరమైన రోగము వచ్చింది. అతడు గోడవైపు ముఖము త్రిప్పుకొని కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆ ప్రార్థన విని, స్వస్థపరుస్తానని యెషయా ప్రవక్తచేత చెప్పించాడు. మరి 15 సంవత్సరములు ఆయుష్షు ఇచ్చాడు. ఆ తరువాత జరిగినది గమనించండి. అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపుమీద వేయమని యెషయా చెప్పాడు. వేశారు, రాజు బాగుపడ్డాడు.

దేవుని వాగ్దానము వచ్చిన తరువాత కూడా కట్టు కట్టారు. అది వాగ్దానమును అనుమానించుట కాదు, దానికి లోబడుట. పౌలు తిమోతికి కడుపు జబ్బు విషయములో ఆహారపానీయముల సలహా వ్రాశాడు. పౌలుతో కూడ ఉన్న లూకా వైద్యుడు. పరిశుద్ధ గ్రంథము ఎక్కడా ప్రార్థనను ఒక ప్రక్కన, వైద్యమును మరొక ప్రక్కన నిలబెట్టి పోటీ పెట్టలేదు.

ఈ మాట ఎందుకు గట్టిగా చెప్పవలసి వస్తున్నది? స్వస్థత కూటములో ప్రార్థన చేయించుకొని, బాగుపడ్డామని నమ్మి, మందులు మానివేసినవారు తరువాత ప్రమాద స్థితిలో ఆసుపత్రికి రావడము జరుగుతున్నది. దయచేసి ఈ సంగతులు గుర్తుంచుకొనండి.

క్షయ (టి.బి.): సాధారణ క్షయకు కనీసము 6 నెలల చికిత్స. కొన్ని వారములకే దగ్గు తగ్గి, ఆకలి వేసి, బరువు పెరుగుతుంది. అయినా క్రిములు లోపల మిగిలే ఉంటాయి. మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టి, మామూలు మందులకు లొంగని రకముగా మారవచ్చు. అది ఇంట్లోవారికి కూడా సోకవచ్చు.

షుగరు, బి.పి.: ఇవి నొప్పి లేకుండానే పెరుగుతాయి. బాధ లేదు కదా అని మానితే కళ్లు, మూత్రపిండములు, గుండె, నరములు దెబ్బతింటాయి.

మూర్ఛ (ఫిట్సు): మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చు.

దేవుడు మిమ్మును స్వస్థపరచాడని మీకు నమ్మకము కలిగితే సంతోషము. ఆ సంగతి మీ డాక్టరుగారితో చెప్పి, పరీక్ష చేయించుకొనండి. యేసు ప్రభువు కూడా స్వస్థపడిన కుష్ఠరోగిని యాజకునికి చూపించుకొనమని పంపాడు. దేవుడు చేసిన కార్యము పరీక్షకు నిలుస్తుంది. అంతవరకు మందు ఆపవద్దు.

3. ముల్లు తొలగనప్పుడు

పౌలు శరీరములో ఒక ముల్లు ఉండేది. అది ఏ జబ్బో వాక్యములో చెప్పబడలేదు. దానిని తీసివేయమని అతడు మూడుసార్లు ప్రభువును వేడుకొన్నాడు. అతనికి విశ్వాసము తక్కువై ముల్లు మిగిలిందని ఎవరనగలరు? అడిగినది దొరకలేదు. కాని జవాబు వచ్చింది. ప్రభువు కృప అతనికి సరిపోతుందనీ, బలహీనతలోనే దేవుని బలము పూర్ణముగా కనబడుతుందనీ అతడు నేర్చుకొన్నాడు.

మనకు దగ్గరలోనే ఇందుకు సాక్ష్యము ఉన్నది. చిత్తూరు సరిహద్దు దాటగానే వచ్చే వేలూరులో 1900లో ఐడా స్కడర్ అమ్మగారు ప్రారంభించిన క్రైస్తవ ఆసుపత్రి మన తెలుగువారిలో అనేకులకు తెలిసినదే. అక్కడ మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు ఉండేవారు. ఆమె కేరళవారు. 1954 జనవరిలో జరిగిన వాహన ప్రమాదములో ఆమె వెన్నెముక దెబ్బతిని, రెండు కాళ్లు చచ్చుబడ్డాయి. మళ్లీ నడవలేకపోయారు.

వైద్యురాలే రోగి అయ్యారు. ఇక ఎందుకు పనికివస్తాను అనే ప్రశ్న ఎంత భారమైనదో ఆలోచించండి. కుష్ఠు వలన వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసే పాల్ బ్రాండ్ గారు, ఆ పని కూర్చొని చేయవచ్చని ఆమెను ప్రోత్సహించారు. చక్రాల కుర్చీలో కూర్చొనే ఆమె కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత అమెరికా వెళ్లి, అంగవైకల్యము కలిగినవారిని తిరిగి జీవితములో నిలబెట్టే వైద్యము నేర్చుకొని వచ్చి, వేలూరులో ఆ విభాగమునకు నాయకత్వము వహించారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రము ప్రారంభమైంది. 1972లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 1986లో ఆమె మరణించారు.

ఆమెకు కాళ్లు తిరిగి రాలేదు. కాని ఆమె వంటి వందలమందికి దారి దొరికింది. వెన్నెముక దెబ్బతిన్న రోగి దగ్గరకు చక్రాల కుర్చీలో వచ్చిన డాక్టరు చెప్పే ధైర్యము వేరు కదా. దేవుడు మన బలహీనతను తీసివేయనప్పుడు, దానిని వ్యర్థముగా కూడా పోనివ్వడు.

4. లోతుగా వేరు పారుటకు

లోతైన ఆత్మీయ జీవితము అంటే పెద్ద పెద్ద అనుభవములు అనుకొనవద్దు. మంచముమీద ఉన్నవారు కూడా చేయగలిగినవి కొన్ని:

(అ) ఉన్నది ఉన్నట్లు ప్రార్థించండి. యోబు, కీర్తనకారులు తమ బాధను దేవుని ఎదుట దాచలేదు. భయమైతే భయమని, కోపమైతే కోపమని చెప్పండి. ఏడ్పు కూడా ప్రార్థనే.

(ఆ) రోజుకు కొద్ది వాక్యము చాలు. చదవలేకపోతే ఎవరిచేతనైనా చదివించుకొనండి. మందు వేసుకొనే వేళను ప్రార్థన వేళగా చేసుకొంటే రెండూ మరచిపోరు.

(ఇ) శరీర బలహీనతను పాపముగా ఎంచవద్దు. ఏలీయా చావు కోరుకొనేంతగా అలసినప్పుడు, దేవుడు మందలించక, నిద్రపోనిచ్చి, దూతచేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు. నిద్ర పట్టకపోయినా, బ్రతకాలని లేకపోయినా పాస్టరుగారితోను, డాక్టరుగారితోను వెంటనే చెప్పండి. దాచవద్దు.

(ఈ) ప్రక్క మంచమువైపు చూడండి. తోడు లేని రోగికి ఒక గ్లాసు నీళ్లు అందించండి, పేరు అడగండి. మన బాధలో నుండి ఇంకొకరి బాధను చూడగలిగిన రోజున మనము క్రీస్తు మనస్సుకు దగ్గరయ్యాము.

5. ఉపవాసము గూర్చి ఒక మాట

శ్రమదినములలోను, గుడ్ ఫ్రైడే నాడును ఉపవాసముండాలని మీకు ఆశ ఉండవచ్చు. ఇన్సులిన్ గాని షుగరు మాత్రలు గాని వాడేవారు ముందుగా డాక్టరుగారిని అడగకుండా ఉపవాసము చేయవద్దు. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్లు తిరగడము కనబడితే షుగరు పడిపోతున్నదని అర్థము. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగండి, తరువాత ఏదైనా తినండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. గర్భిణులు, బాలింతలు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు కూడా సలహా తీసుకోవాలి. భోజనము మానలేనివారు టీవీ, కోపపు మాటలు మానవచ్చు. ఆ రోజు భోజనమును ఆకలిగొన్నవారితో పంచుకొనవచ్చు. దేవుడు హృదయమును చూచును.

ఆలోచించండి

1. హిజ్కియా ప్రార్థించాడు, కట్టు కూడా కట్టించుకొన్నాడు. ఈ రెండింటిలో మీరు ఏది నిర్లక్ష్యము చేస్తున్నారు?
2. డాక్టరుకు చెప్పకుండా మానిన మందు ఏదైనా ఉన్నదా? ఈ రోజే చెప్పగలరా?
3. మీ బలహీనత వలన మీరు ఎవరి బాధను ఇతరులకంటె బాగా అర్థము చేసుకొనగలరు?

ప్రార్థన

ప్రభువా, నన్ను బాగుచేయమని అడుగుచున్నాను. అంతకంటె ఎక్కువగా, నీవు నన్ను విడువవని నమ్మే మనస్సు నాకు దయచేయుము. మందు ఇచ్చే చేతులను, కట్టు కట్టే చేతులను ఆశీర్వదించుము. నా శరీరమును శ్రద్ధగా చూచుకొనే బుద్ధిని, నా ప్రక్కనున్నవారిని ప్రేమించే హృదయమును నాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాను తండ్రీ, ఆమేన్.