డబ్బాలోని చిక్కుడు గింజల బలమెంత?

కిందటి రంజాన్‌కు ముందు మనవాళ్లు రేషన్ కిట్లు కడుతుండగా ఒక దాత ఇంటి నుంచి రెండు అట్టపెట్టెలు వచ్చాయి. వారి అబ్బాయి బ్రిటన్‌లో చదువుకున్న రోజుల్లో బేక్డ్ బీన్స్ తిని కడుపు నింపుకున్నాడట. ఆ కృతజ్ఞతతో, దిగుమతి సరుకులు అమ్మే దుకాణంలో టిన్నులు కొని కిట్టుకొకటి చొప్పున పంపించాడు. కిట్టు అందుకున్న ఒక పెద్దావిడ టిన్నును అటూ ఇటూ తిప్పి చూసి, "టీచరమ్మా, ఇందులో ఏముంది? మనం తినొచ్చా? దీంతో బలమొస్తుందా?" అని అడిగింది. మూడూ మంచి ప్రశ్నలే. అప్పుడు నేను తడుముకున్నాను. మర్నాడు ఆ టిన్నునే తొమ్మిదో తరగతికి పట్టుకెళ్లి, లేబులు మీద పాఠం చెప్పాను. దాతలకు కూడా పనికొస్తుందని ఆ పాఠాన్నే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ప్రశ్న: ఇందులో ఏముంది? ఇది మనకు తెలియని గింజేమీ కాదు. మన రాజ్మా, ఈ తెల్లటి చిన్న గింజ ఒకే జాతి మొక్కకు చెందినవి. రంగూ పరిమాణమూ మాత్రమే తేడా. పేరులో 'బేక్డ్' ఉన్నా బ్రిటన్ టిన్నుల్లో ఉండేది పొయ్యిలో కాల్చిన గింజ కాదు. గింజను కొద్దిగా ఉడికించి, టమాటా సాస్‌తో టిన్నులో పోసి, మూత బిగించాక గట్టి ఆవిరి మీద మళ్లీ ఉడికిస్తారు. ఆ వేడికి సూక్ష్మజీవులు చస్తాయి కాబట్టి ఏళ్లతరబడి నిలవ ఉంటుంది. 1886లో హైంజ్ కంపెనీవారు లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ అనే ఖరీదైన దుకాణంలో దీన్ని విలాస వస్తువుగా అమ్మడం మొదలుపెట్టారు. ఈనాడు అక్కడ అది సామాన్యుడి పలహారం.

రెండో ప్రశ్నకు జవాబు టిన్నును బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో మామూలుగా దొరికే టమాటా సాస్ రకంలో మాంసం ఉండదు. అదే పేరుతో పంది మాంసపు సాసేజ్‌లు కలిపిన రకాలూ అక్కడ అమ్ముతారు. అమెరికాలోనైతే 'పోర్క్ అండ్ బీన్స్' అన్నది పాతకాలపు వంటకం. పేరులో పోర్క్ లేని టిన్నుల్లో కూడా బేకన్ కలిసి ఉండొచ్చు. పిల్లల్ని ఆ దేశాలకు పంపినవారు ముందువైపు బొమ్మ చూసి కొనవద్దనీ, వెనకవైపు చిన్న అక్షరాలు చదవమనీ చెప్పండి.

ఇక అసలైన మూడో ప్రశ్న. బ్రిటన్ రకం లేబులు ప్రకారం 100 గ్రాములకు సుమారు 80 కేలరీలు, 4.7 గ్రాముల మాంసకృత్తులు, 4 గ్రాములకు కొంచెం తక్కువగా పీచు, దాదాపు 5 గ్రాముల చక్కెర, 0.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. కొవ్వు దాదాపు లేనట్టే. అర టిన్ను, అంటే రమారమి 200 గ్రాములు తింటే 9 గ్రాములకు పైగా మాంసకృత్తులు, 7 గ్రాములకు పైగా పీచు అందుతాయి. ఒక పూట పలహారానికి ఇది మెచ్చుకోదగిన లెక్కే. గింజలో తక్కువగా ఉండే మెథియోనిన్ గోధుమలో ఉంటుంది, గోధుమలో తక్కువగా ఉండే లైసిన్ గింజలో ఉంటుంది. అందుకే బ్రిటన్‌వారి టోస్టు మీద బీన్స్, మన అన్నం-పప్పు, మన ఖిచిడీ ఒకే సూత్రం మీద నడుస్తున్నాయి. అక్కడ చదువుకునే మన పిల్లలు వంటకు తీరిక లేనప్పుడు రెండు ముక్కల రొట్టె మీద అర టిన్ను వేడిచేసి పోసుకుని, ఇంత ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరుగు వేసుకుంటే తల్లులు బెంగపడనక్కర్లేదు.

ఉప్పు, చక్కెర సంగతి మాత్రం చూసుకోవాలి. అర టిన్నుతో 1.2 గ్రాముల ఉప్పు లోపలికి పోతుంది. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చక్కెర రెండు చెంచాలంత, అందులో కొంత టమాటాలోంచి వచ్చేదే. షుగరు ఉన్నవారు చక్కెర కలపని రకం వెతుక్కోవడం మేలు. రక్తపోటు ఉన్న ముసలివాళ్లకు దీన్ని రోజువారీ తిండి చేయకూడదు.

తర్వాత పిల్లల చేత ఒక గుణకారం చేయించాను. టిన్ను మొత్తం 415 గ్రాములు. అందులో మాంసకృత్తులు 19 గ్రాములు, కాస్త అటూ ఇటూగా. ఐదుగురున్న ఇంట్లో పంచితే మనిషికి 4 గ్రాములు కూడా రాదు. ఇప్పుడు ఆ దిగుమతి టిన్ను వెల పెట్టి మా ఊరి కిరాణా కొట్లో శనగలు కొంటే కిలో వచ్చి ఇంకా చిల్లర మిగులుతుంది. ఎండు శనగల్లో 100 గ్రాములకు 19 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి, అంటే కిలోకు 190 గ్రాములు. అదే డబ్బుకు పది రెట్లు! వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, "అయితే టిన్ను మోసమా టీచర్?" అన్నాడు. మోసం కాదురా, మనం ఇక్కడ కొంటున్నది నీళ్లు, రేకు, ఓడ కిరాయి కూడా అన్నాను. వంటచెరుకూ గ్యాసూ లేనిచోట, వరదల్లో పొయ్యి వెలగని రోజుల్లో మూత తీసి తినగలిగే టిన్నుకు దాని విలువ దానికుంది. పొయ్యి ఉన్న ఇంటికి ఎండు గింజే ఇవ్వాలి.

అక్కడితో ఆగితే బాగుండేది, కానీ లెక్క ఇంకొంచెం ముందుకు పోయింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, 2000 కేలరీల భోజనం తినే మనిషికి రోజుకు పప్పులు, గుడ్లు, మాంసం వర్గం నుంచి 85 గ్రాములు కావాలని ఉంది. మనం కిట్లు ఇచ్చే ఇళ్లలో మాంసం రోజూ ఉండదు, ఆ 85 గ్రాములూ పప్పే కావాలి. ఐదుగురికి రోజుకు 425 గ్రాములు. మన నెల కిట్టులో పెడుతున్న పప్పు రెండు కిలోలు. అది ఐదు రోజులకు కూడా సరిగా రాదు. పిల్లల వాటా తగ్గించి లెక్కవేసినా వారం దాటదు. బియ్యం మాత్రం ఇరవై అయిదు కిలోలు ఇస్తున్నాం. ఇన్నేళ్లుగా నా చేతులతోనే ఆ కిట్లు కడుతూ ఈ సంగతి నేనూ గమనించలేదు.

సంఘం పెద్దలకు నేను విన్నవించింది ఇంతే: ఈసారి బియ్యం అయిదు కిలోలు తగ్గించి, ఆ డబ్బుతో శనగలు, అలసందలు, వేరుశనగలు పెట్టండి. శనగలు రాత్రి నానబెట్టి ఉడికించి, తాళింపు పెట్టి, దించాక నిమ్మకాయ పిండితే ఇఫ్తారుకు గుగ్గిళ్లు తయారు. ఆ నిమ్మరసంలోని సి విటమిన్ వల్ల గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే మాత్రం ఆ ఇనుములో చాలా భాగం వృథా. రాజ్మా ఇస్తే నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లే మరుగు మీద ఉడకాలని చీటీ రాసి పెట్టాలి. సరిగా ఉడకని రాజ్మాలోని విషపదార్థం వాంతులు చేయిస్తుంది.

మిగిలిన టిన్నుల్లో రెండిటికి దారిలో అంచు దగ్గర సొట్టలు పడి, మూతలు ఉబ్బి ఉన్నాయి. ఉబ్బిన టిన్నును రుచి చూడటం కూడా ప్రమాదమే. వాటిని తెరవకుండానే, ఎవరూ ఏరుకుపోకుండా గొయ్యి తీసి పూడ్చాం. తక్కినవి ఒంటరిగా ఉంటూ వండుకోలేని నలుగురు ముసలివాళ్లకు ఇచ్చాం, వారానికి ఒక్కటే తెరవమని చెప్పి. మొదట ప్రశ్న అడిగిన పెద్దావిడకు ఒక కిలో శనగలు విడిగా పంపాను.