మంట చుట్టూ ఇనుప గోడ: తుని విద్యార్థికి బాయిలర్ ప్యానెళ్ల దారి

పదో తరగతో, ఇంటరో, ఐటీఐయో ముగిసేసరికి తునిలో చాలా ఇళ్లలో రెండే మాటలు వినిపిస్తాయి. హైదరాబాద్ వెళ్లి ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యి, లేదంటే ఉద్యోగ పరీక్షల కోచింగ్‌లో చేరు. మూడో దారి మన రైలుపట్టాలకు రెండు కొసల్లోనూ ఉంది. విశాఖ వైపు వెళ్తే పరవాడ దగ్గర ఎన్టీపీసీ సింహాద్రి, ఉక్కు కర్మాగారం, బీహెచ్‌ఈఎల్ హెవీ ప్లేట్స్ అండ్ వెసల్స్ ప్లాంట్. రాజమండ్రి వైపు వెళ్తే పేపర్ మిల్లు, సామర్లకోట, జేగురుపాడు, వేమగిరి గ్యాస్ విద్యుత్ కేంద్రాలు. వీటన్నిటిలోనూ పెద్ద మంట నుంచో, కాలిన వాయువుల నుంచో వేడిని ఇనుప గొట్టాలతో పట్టి పనిలో పెట్టే ఏర్పాటు ఏదో ఒకటి ఉంటుంది. ఆ గొట్టాల గోడలను లెక్కకట్టేవాళ్లు, తయారుచేసేవాళ్లు, పాడైతే మళ్లీ నిలబెట్టేవాళ్లు ఎప్పుడూ కావాలి. ఈ వ్యాసం వాళ్ల పని గురించి.

బాయిలర్ ఫర్నేస్‌కు లోపలి గోడ ఇటుకతో కట్టింది కాదు. ఉక్కు ట్యూబులను నిలువుగా పక్కపక్కన పేర్చి, ప్రతి రెండు ట్యూబుల మధ్య ఉక్కు పట్టీ పెట్టి, పొగ చొరబడకుండా నిలువునా వెల్డింగ్ చేస్తారు. ఆ పట్టీని ఫిన్ అంటారు. ఇలా తయారైన పలక వాటర్ వాల్ ప్యానెల్. ఒక ముఖం వైపు మంట, ట్యూబుల లోపల నీళ్లు. సింహాద్రిలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. ఆ తరహా బాయిలర్‌లో బొగ్గు పొడి మంట వేడి 1300 డిగ్రీలు దాటుతుంది. ట్యూబుల్లో నీటి ఒత్తిడి 180 బార్ పైమాటే. ఆ ఒత్తిడిలో నీరు దాదాపు 360 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మామూలు కార్బన్ స్టీల్ 450 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది. మరి 1300 డిగ్రీల మంట ముందు అదే ఉక్కు ఏళ్ల తరబడి ఎలా నిలుస్తోంది?

అనకాపల్లి వైపు బెల్లం వండేచోట నిలబడి చూసినవాళ్లకు ఇది చప్పున తెలుస్తుంది. పొయ్యి భగభగ మండుతున్నా పెనంలో రసం ఉన్నంతసేపు పెనానికి ఏమీ కాదు. రసం ఇంకిపోతే పెనం మాడుతుంది. ట్యూబు సంగతీ అంతే. లోపలి నీరు వేడిని ఎప్పటికప్పుడు లాగేసుకుంటుంటే ఉక్కు 400 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. లోపలి గోడకు ఆవిరి పొర అంటుకున్నా, పాచిలా ఖనిజాల పొర పేరుకున్నా వేడి లోపలికి దిగదు. ట్యూబు ఉబ్బి పగులుతుంది. ఒక్క ట్యూబు పగిలితే చాలు, యూనిట్ మొత్తం ఆపాల్సిందే.

డిజైన్ ఇంజినీర్ బుర్రకు పదును పెట్టేది ఇక్కడే. ట్యూబు మందం పెంచితే ఒత్తిడికి తట్టుకుంటుంది, కానీ మందం పెరిగినకొద్దీ బయటి ముఖం ఇంకా వేడెక్కుతుంది. ఫిన్ వెడల్పు పెంచితే ట్యూబులు తగ్గి ఖర్చు మిగులుతుంది, కానీ ఫిన్ నడిమి భాగం నీటికి దూరమై మాడి పగులుతుంది. 63.5 మిల్లీమీటర్ల ట్యూబులను 76.2 మిల్లీమీటర్ల ఎడంలో పేర్చడం వాడుకలో ఉన్న ఒక కొలత. అంటే ఫిన్‌కు మిగిలేది 12.7 మిల్లీమీటర్లే. మంట తీవ్రత ఎక్కువున్న చోట, ఆవిరి గోడకు అంటుకోకుండా ట్యూబు లోపల మెలికల గాడులున్న రకాన్ని వాడతారు. వ్యాకోచం ఇంకో లెక్క. అరవై మీటర్ల ఎత్తున్న ఉక్కు గోడ 350 డిగ్రీలు వేడెక్కితే సుమారు 25 సెంటీమీటర్లు సాగుతుంది. కింద ఆనించి కడితే వంకర్లు పోతుంది. కాబట్టి పెద్ద బాయిలర్‌ను పైనుంచి వేలాడదీస్తారు, అది కిందికి సాగుతుంది. ఇంజినీరింగ్‌లో చదివే హీట్ ట్రాన్స్‌ఫర్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పాఠాలు అక్షరాలా ఇవే. పరీక్షకు సూత్రం బట్టీపట్టి వదిలేసిన విద్యార్థి ఇంటర్వ్యూలో దొరికిపోతాడు. ఫిన్ వెడల్పు ఎందుకు పరిమితమో తన మాటల్లో చెప్పగలిగిన అమ్మాయికో అబ్బాయికో ఉద్యోగం వస్తుంది.

కాగితం మీది గీత ఉక్కుగా మారే చోటు ప్యానెల్ షాప్. ఈ రంగంలో ఎవరు ఏ మెట్టు నుంచి మొదలుపెట్టినా కొన్నాళ్లు అక్కడ నిలబడి చూడాలని నా గట్టి అభిప్రాయం. ట్యూబుల మెటీరియల్ సర్టిఫికెట్లు చూసి, పొడవు సరిపోవడానికి మొన నుంచి మొనకు అతికి, తుప్పు రాలగొట్టి, ఫిన్‌లతో కలిపి మెషిన్‌లోకి పంపుతారు. సబ్‌మెర్జ్‌డ్ ఆర్క్ పద్ధతిలోనైతే ఫ్లక్స్ పొడి కింద మంట కనపడకుండా వెల్డింగ్ సాగుతుంది. గ్యాస్ రక్షణతో పైనుంచీ కిందినుంచీ ఒకేసారి వెల్డింగ్ చేసే మెషిన్లూ ఉన్నాయి. ఒక వైపే వెల్డింగ్ చేస్తే చల్లారేటప్పుడు లోహం ఆ వైపుకు లాగి ప్యానెల్ విల్లులా వంగుతుంది. రెండు వైపులా సమంగా వేసినా వెడల్పు కొద్దికొద్దిగా తగ్గుతూనే ఉంటుంది. ఒక్కో కుట్టు దగ్గర పోయేది మిల్లీమీటరులో చిన్న భాగమే అయినా, వందల ట్యూబుల గోడలో అదంతా కలిసి సైట్‌లో ట్యూబులన్నీ కలిసే హెడర్ గొట్టానికి ట్యూబు అందకుండా చేస్తుంది. ఆ తగ్గుదలను ముందే ఊహించి కొలత పెట్టగలవాడే ఆ షాపులో గౌరవం పొందే మనిషి. అది పుస్తకంలో పూర్తిగా దొరకదు. మెషిన్ దగ్గర పనిచేసేవాళ్లను అడగాలి, కొలతలు తీసి రాసుకోవాలి.

అండర్‌కట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వెల్డింగ్ అంచున ట్యూబు గోడను ఆర్క్ కొరుక్కుతిన్న గాడి అది. గేటుకో గ్రిల్లుకో వెల్డింగ్ చేసేచోట దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ అది పలచబడిన ట్యూబు గోడ, రేపటి లీకేజీ. ఇంటి దగ్గర షాపులో చెయ్యి తిరిగిన కుర్రాడు బాయిలర్ పనిలోకి వచ్చినప్పుడు మొదట మార్చుకోవాల్సింది ఈ చూపునే.

తర్వాత వంపులు. బర్నర్ల చోట ట్యూబులు పక్కకు తిరగాలి, అడుగున బూడిద జారే హాపర్ కోసం గోడంతా ఏటవాలుగా వంగాలి. వంచిన ట్యూబులో దారి మూసుకుపోలేదని తేల్చడానికి లోపలినుంచి బంతి పంపి చూస్తారు. చివరికి నీటి ఒత్తిడి పరీక్ష. అన్నీ దాటిన ప్యానెల్ కూడా రోడ్డు మీద పట్టేంత వెడల్పే ఉంటుంది. మిగతా అతుకులు సైట్‌లో, ఎత్తు మీద, ఇరుకు సందుల్లో చేతితో వెయ్యాల్సినవి. అందుకే ఫ్యాక్టరీలో మెషిన్లు ఎన్ని వచ్చినా హెచ్‌పీ వెల్డర్‌కు పని తగ్గలేదు. హెచ్‌పీ అంటే హైప్రెజర్.

ఈ పరికరాలు ఎక్కడ తయారవుతాయి? దేశంలో పెద్ద పేరు తిరుచ్చి బీహెచ్‌ఈఎల్‌ది. 1965లో మొదలైన ఆ ప్లాంట్ పక్కనే వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వెల్డింగ్‌ను వృత్తిగా తీసుకున్నవాళ్లు ఒక్కసారైనా అక్కడి కోర్సుల వివరాలు తెలుసుకోవాలి. మనకు దగ్గరిది విశాఖ ప్లాంట్. 1966లో భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్‌గా పుట్టి, 2013లో బీహెచ్‌ఈఎల్‌లో కలిసింది. మనవాళ్లు ఇప్పటికీ బీహెచ్‌పీవీ అనే పిలుస్తారు. ప్రైవేటులో థర్మాక్స్, ఇస్‌జెక్, ఎల్ అండ్ టీ లాంటి సంస్థలున్నాయి. వాటి బాయిలర్ షాపులు ఎక్కువగా మహారాష్ట్ర, గుజరాత్, హరియాణా వైపు. తయారీ ఉద్యోగమే కావాలంటే ఊరు దాటడానికి సిద్ధపడాలి.

కానీ మన ప్రాంతంలో ఎక్కువ మందికి అన్నం పెట్టేది తయారీ కంటే మరమ్మతే. మన బొగ్గులో 35 నుంచి 45 శాతం దాకా బూడిద ఉంటుంది. ఆ బూడిద వేగంగా వచ్చి ట్యూబులను ఇసుక కాగితంలా అరగదీస్తుంది. ఓవర్‌హాలింగ్‌కు యూనిట్ ఆపినప్పుడు ఫర్నేస్ లోపల పరంజా కట్టి, అల్ట్రాసోనిక్ గేజ్‌తో ట్యూబు మందం చోటుచోటునా కొలిచి, పలచబడ్డ ముక్క కోసి, కొత్తది అతుకుతారు. రాజమండ్రి పేపర్ మిల్లులాంటి చోట రికవరీ బాయిలర్ ఇంకా నాజూకైన పని. అక్కడ మండేది కలప గుజ్జు తీయగా మిగిలిన నల్లటి ద్రవం. అడుగున కరిగిన రసాయనాలు ఉంటాయి. వాటిమీద ట్యూబు లీకై నీళ్లు పడితే పేలుడే. విశాఖ ఉక్కులో ఎర్రగా కాలుతున్న కోక్‌ను నీళ్లు చల్లకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి తీస్తారు. అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పేరు ‘గోదావరి’, 1990లో వెలిగింది. బ్లాస్ట్ ఫర్నేసుల గోడల్లోనూ నీళ్లు పారే ఇనుప, రాగి పలకలే వేడిని మోస్తాయి. పరికరం మారినా లెక్క ఒకటే.

ఉన్న కష్టమూ చెప్పాలి. గోదావరి జిల్లాల గ్యాస్ విద్యుత్ కేంద్రాల్లో హీట్ రికవరీ బాయిలర్లున్నాయి గానీ, కేజీ బేసిన్ గ్యాస్ తగ్గిపోయి 2013 నుంచి చాలావరకు మూతపడో అరకొరగానో ఉన్నాయి. వాటిని నమ్ముకుని కోర్సు ఎంచుకోకండి. నక్కపల్లి దగ్గర ఉక్కు కర్మాగారం ప్రతిపాదన తునికి ఎంతో దగ్గర. అది వస్తే మంచిదే, నైపుణ్యం మాత్రం దానికోసం ఆగకుండా నేర్చుకోవాలి. యూనిట్ ఆపినప్పుడు జరిగే ఈ షట్‌డౌన్ పనులు ఎక్కువగా కాంట్రాక్టువి. నెల రోజులు ఊపిరాడదు, తర్వాత ఖాళీ. పీఎఫ్, ఈఎస్‌ఐ రాసే కాంట్రాక్టర్ దగ్గరే చేరండి.

బొగ్గుకు భవిష్యత్తు ఉందా అని తండ్రులు అడుగుతారు. 2031-32 నాటికి కనీసం 80 గిగావాట్ల బొగ్గు విద్యుత్ సామర్థ్యం అదనంగా కావాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఆ తర్వాత తగ్గినా వేడిని పట్టే పని పోదు. సిమెంటు, ఉక్కు ఫ్యాక్టరీల్లో వృథా వేడితో కరెంటు తీస్తున్నారు. విశాఖ కాపులుప్పాడలో చెత్తతో కరెంటు తీస్తున్నారు. చెత్త పొగలో క్లోరిన్ ట్యూబులను తినేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి ప్యానెల్ ముఖం మీద నికెల్ మిశ్రమ లోహాన్ని పొరగా వెల్డింగ్ చేస్తారు. ఆ ఓవర్లే పని నేర్చినవాళ్లు మన దగ్గర తక్కువ. పాతికేళ్లలోపు వాళ్లు దీనిమీద కన్నేయండి.

ఇక దారులు. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఏడాది, ఫిట్టర్ రెండేళ్లు. వెల్డర్ మామూలు ఆర్క్‌తో మొదలుపెట్టి ఆర్గాన్ వెల్డింగ్‌కు, అక్కణ్ణుంచి 45 డిగ్రీల వాలులో బిగించిన పైపును కదపకుండా చుట్టూ అతికే సిక్స్ జీ పరీక్షకు చేరాలి. ఆ అతుకు ఎక్స్‌రేలో నెగ్గాలి. బాయిలర్ ట్యూబు ముట్టుకోవాలంటే బాయిలర్ల శాఖ ఇచ్చే ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) వెల్డర్ సర్టిఫికెట్ తప్పనిసరి. దానికి గడువుంటుంది, చూసుకుని రెన్యువల్ చేయించుకోవాలి. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది కాబట్టి పాత గైడ్లు కొనకండి. టీ91 లాంటి 9 శాతం క్రోమియం ఉక్కును ముందు వేడిచేసి, అతికాక మళ్లీ వేడిచేసి నెమ్మదిగా చల్లార్చాలి. ఆ క్రమం తెలిసిన వెల్డర్‌కు కూలి వేరు.

పాలిసెట్ రాసి డిప్లొమా మెకానికల్ చేసినవాళ్లు ప్లానింగ్, క్వాలిటీ విభాగాల్లోకి వెళ్తారు. అల్ట్రాసోనిక్, పెనెట్రెంట్ పరీక్షల్లో లెవల్ టూ అర్హత తెచ్చుకుంటే షట్‌డౌన్‌లలో త్వరగా పని దొరుకుతుంది. రేడియోగ్రఫీకి మాత్రం అణుశక్తి నియంత్రణ మండలి గుర్తించిన శిక్షణ లేనిదే చేరకండి, అది ప్రాణంతో పని. బీటెక్ వాళ్లకు కాకినాడ జేఎన్‌టీయూ, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ దగ్గర్లోనే ఉన్నాయి. గేట్ బాగా రాస్తే తిరుచ్చి ఎన్‌ఐటీలో వెల్డింగ్ ఇంజినీరింగ్ ఎంటెక్ ఉంది. బీఎస్సీ కెమిస్ట్రీ విద్యార్థులూ ఇది చదవాలి. ట్యూబు లోపల పొర పేరుకోకుండా నీటిని కాపాడేది కెమిస్టే. ఫార్మా ఒక్కటే కెమిస్ట్రీకి దారి అనుకోనక్కర్లేదు.

డబ్బు కట్టే ముందు ప్రైవేటు వెల్డింగ్ శిక్షణ కేంద్రాన్ని మూడు ప్రశ్నలు అడగండి. రోజుకు ఒక్కొక్కరికి ఎన్ని గంటలు ఆర్క్ ఇస్తారు? నా అతుకుకు ఎక్స్‌రే ఎవరు తీస్తారు? సర్టిఫికెట్ మీద బాయిలర్ల శాఖ సంతకం ఉంటుందా, మీదేనా? జవాబు నసిగితే బయటికి వచ్చేయండి. గల్ఫ్ రిఫైనరీల షట్‌డౌన్ పనికి పిలిచే ఏజెంటు పేరు విదేశీ ఉద్యోగాల కేంద్ర పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో లేకపోతే పాస్‌పోర్టు చేతికివ్వకండి.

ఆడపిల్లలున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. డిజైన్, నాణ్యత పరీక్ష, నీటి కెమిస్ట్రీ, ఆర్గాన్ వెల్డింగ్, వీటిలో దేనికీ కండబలం కొలమానం కాదు. స్థిరమైన చెయ్యి, ఓర్పు, కొలతమీద శ్రద్ధ చాలు. వాటిలో దేనిలో చేరతానన్నా అడ్డు చెప్పకండి.

ఐటీఐ, డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు తమ కోర్సుకు వర్తించే కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఇప్పుడే పేరు నమోదు చేసుకోండి. బీహెచ్‌ఈఎల్, ఉక్కు కర్మాగారం అప్రెంటిస్ ప్రకటన ఇచ్చినప్పుడు మొదట అడిగేవాటిలో ఆ నమోదు నంబరు ఒకటి.