మెదడులోని బాటలు

మానవ శరీరమున మెదడును మించిన వింత వేఱొకటి లేదు. పెరిగిన మనుష్యుని మెదడు కిలోగ్రామున్నర బరువునకు లోపుగనే ఉండును. అందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. అయినను మెదడు గొప్పతనము ఆ సంఖ్యలో లేదు. ఆ కణములు ఒకదానితో నొకటి కలిసి పనిచేయుటలో ఉన్నది. కోలాటమాడు జట్టును చూడుడు. ఆటగాండ్రందఱును నేర్పరులే కావచ్చును. కాని ఒకరి కోల మఱియొకరి కోలకు వేళకు తగులనిచో ఆట చెడును. మెదడు విషయమునను ఇట్టిదే జరుగుట కలదు. ఈ సత్యమును మనకు తెలియజెప్పిన వ్యాధులలో పార్కిన్సన్ వ్యాధి ఒకటి. జనులు దీనిని వణకు వ్యాధి అందురు, ఆయుర్వేదవైద్యులు కంపవాతమందురు.

ఈ వ్యాధిని చక్కగా వర్ణించి ప్రసిద్ధికెక్కినవాడు జేమ్స్ పార్కిన్సన్. ఆయన 1755వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన లండను చెంతనున్న హాక్‌స్టన్‌లో జన్మించెను. తండ్రివలెనే వైద్యవృత్తిని చేపట్టెను. వీథిలో పోవువారి నడకను సైతము ఆయన శ్రద్ధతో పరికించెను. కొందఱు పెద్దవారి చేయి, పనిచేయునపుడు గాక ఊరక యున్నపుడు వణకుటయు, వారు ముందునకు వంగి చిన్న చిన్న అడుగులతో తొందరగా నడచుటయు ఆయన కంటబడెను. 1817లో ఆయన ఆరుగురు రోగుల స్థితిని వివరించుచు ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. ఆ ఆరుగురిలో ఇద్దఱు వీథిలో తటస్థపడినవారు. ఒకనిని ఆయన దూరమునుండి మాత్రమే చూచెను. ఇంత కొద్ది సామగ్రితో చేసిన ఆ వర్ణన నేటికిని వైద్యులకు ఆదరణీయమై యున్నది.

అయితే ఆ గ్రంథమున ఒక మాట కలదు: ఈ వ్యాధి బుద్ధిని తాకదని. ఆయన చూచిన రోగులు ఆరుగురే కదా! వారిలో కొందఱితో దీర్ఘకాలము మాటలాడు అవకాశమే ఆయనకు కలుగలేదు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున పారిస్ నగరమునందలి సాల్పేట్రియేర్ ఆసుపత్రిలో పనిచేసిన షార్కో అను వైద్యుడు ఈ వ్యాధికి పార్కిన్సన్ పేరు పెట్టెను. కాలము గడచినకొలది కొందఱు రోగుల జ్ఞాపకము మందగించుననియు ఆయన బోధించెను. అయినను పలువురు చాలకాలము దీనిని కాలుసేతులకు సంబంధించిన వ్యాధిగనే ఎంచిరి. అందువలన రోగి పడు మానసికమైన బాధ తగినంతగా గుర్తింపబడలేదు.

వ్యాధికి మూలమెక్కడ? మెదడు అడుగుభాగమున నల్లగా కనబడు ఒక చిన్న ప్రదేశము కలదు. దానిని సబ్‌స్టాన్షియా నైగ్రా అందురు. లాటిన్ భాషలో ఆ మాటకు నల్లని పదార్థమని అర్థము. అచటి కణములు డోపమిన్ అను రసాయనమును తయారుచేసి మెదడు లోతున నున్న నాడీముడులకు పంపును. పార్కిన్సన్ వ్యాధిలో ఈ కణములు క్రమముగా నశించును. 1957లో స్వీడన్ దేశీయుడైన ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పిన్ అను మందు నిచ్చెను. ఇది మన దేశపు సర్పగంధి మొక్క వేళ్లనుండి లభించునది. మందు తిన్న కుందేళ్లు కదలక మెదలక పడియుండెను. పిమ్మట లెవోడోపా అను పదార్థము నీయగా అవి కొలది నిమిషములలోనే లేచి తిరుగసాగెను. లెవోడోపా మెదడులో డోపమిన్‌గా మారుటయే దీనికి కారణము. 1960లో వియన్నా నగరమున హార్నికీవిచ్ అను శాస్త్రజ్ఞుడు, ఈ వ్యాధితో మరణించినవారి మెదడులలో డోపమిన్ మిక్కిలి తగ్గియుండుటను నిరూపించెను. 1967లో అమెరికాయందు కోట్జియాస్ అను వైద్యుడు లెవోడోపాను కొద్దికొద్దిగా పెంచుచు నోటిద్వారా ఇచ్చి, రోగులకు ఎక్కువ మేలు చేకూర్చెను. మన పల్లెలలోని దూలగొండి గింజలయందును ఈ పదార్థమే కలదు. అట్లని వైద్యుని అడుగక ఆ గింజలను మందుగా వాడరాదు.

ఈ మందుతో బిగిసిన చేతులు సడలినవి. నిలిచిన కాళ్లు నడచినవి. కాని కొందఱి మనస్సు మాత్రము మునుపటివలె చుఱుకుగా లేకపోయెను. రోగి సంత కేగి ఏమేమి కొనవలెనో వరుసగా తలపోయలేడు. ఒక పనినుండి మఱియొక పనికి మనస్సును మరల్పలేడు. పదకొండు గంటల పది నిమిషములు చూపు గడియారమును గీయుమన్నచో అంకెలన్నియు ఒక వైపుననే చేర్చును. మొదట అడిగినపుడు జ్ఞాపకమునకు రాని మాట, చిన్న సూచన ఈయగనే తటాలున నోటికి వచ్చును. దీనివలన ఒక సంగతి తేలుచున్నది: పెక్కు సందర్భములలో జ్ఞాపకము చెడలేదు, దానిని వెదకి తెచ్చు బాట చెడినది.

ఈ బాట ఎట్టిది? 1986లో అలెగ్జాండర్, డిలాంగ్, స్ట్రిక్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు దానిని వివరించిరి. నుదుటి వెనుకనున్న మెదడు భాగమునుండి లోతైన నాడీముడులకును, అచటినుండి తిరిగి నుదుటి భాగమునకును వలయములవలె బాటలు కలవు. ఒక వలయము చేతులను కాళ్లను కదలించును. వేఱొకటి ఆలోచనను, మఱియొకటి ఉత్సాహమును నడపును. ఒకే ఆనకట్ట నీరు పలు కాలువలకు పాఱునట్లు, డోపమిన్ ఈ వలయములన్నింటికిని కావలెను. ఆనకట్టలో నీరు తగ్గినపుడు ఒక్క చేనే యెండునా?

బ్రతికియున్నవాని తలలో ఈ బాటలను చూచుట యెట్లు? 1995లో, అమెరికాలోని మిల్వాకీ నగరమున పరిశోధన చేయుచుండిన భారతీయ సంతతివాడగు భరత్ బిశ్వాల్ ఒక వింతను కనుగొనెను. మనుష్యుడు ఎమ్మారై యంత్రమున కదలక పరుండియున్నను, ఎడమ చేతిని కదలించు భాగమును, కుడి చేతిని కదలించు భాగమును ఒకే లయతో హెచ్చుతగ్గులు చెందుచుండెను. దూరముగ నున్న రెండు భాగములు ఒక్క లయతో పనిచేసినచో వానికి పొత్తు కలదన్నమాట. ఈ పద్ధతితో పార్కిన్సన్ రోగులను పరీక్షింపగా, బుద్ధి మందగించినవారిలో ఏకాగ్రతకును, జ్ఞాపకమునకును తోడ్పడు భాగముల నడుమ ఈ పొత్తు సడలియుండుట పెక్కు పరిశోధనలలో కనబడినది.

డోపమిన్ ఒక్కటియే కారణము కాదు. జ్ఞాపకమునకు, శ్రద్ధకు ఆవశ్యకమగు ఎసిటైల్‌కోలిన్ అను రసాయనమును పంచు కణములును కొందఱిలో నశించును. ఆల్ఫా సిన్యూక్లిన్ అను మాంసకృత్తు కణములలో ముద్దలుగా పేరుకొనుట మఱియొక కీడు. ఈ ముద్దలను 1912లో లెవీ అను జర్మను వైద్యుడు మొదట వర్ణించెను. అందువలననే లెవోడోపా బుద్ధిలోపమును పూర్తిగా తీర్పజాలదు. ఎసిటైల్‌కోలిన్‌ను నిలుపు రివాస్టిగ్మిన్ అను మందు కొందఱికి కొంత మేలు చేయుచున్నది.

ఈ వ్యాధి సోకినవారందఱికిని బుద్ధి వెంటనే తగ్గునని భయపడ నక్కఱలేదు. సిడ్నీ నగరపు వైద్యులు 1984 మొదలు కొందఱు రోగులను విడువక పరిశీలించిరి. ఇరువది యేండ్లు జీవించియున్నవారిలో నూటికి 83 మందికి మతిభ్రంశము కలిగినట్లు వారు 2008లో ప్రకటించిరి. కాని 2024లో వెలువడిన వేఱొక పరిశోధనలో, పది యేండ్ల పిమ్మట ఆ స్థితికి వచ్చినవారు పదింట ఒక్కరికన్న తక్కువ. రోగి వయస్సునుబట్టి, వ్యాధి కాలమునుబట్టి ఫలితము మారును. మితిమీఱిన భయము ఎంత తగదో, ఉపేక్షయు అంతే తగదు.

వైద్యుడు చేయు సాయమొకటి, ఇంటివారు చేయు సాయమొకటి. ఆరోగ్యవంతుడు ఆలోచింపకయే నడచును. పార్కిన్సన్ రోగికి ప్రతి అడుగునకును శ్రద్ధ కావలెను. నడచుచుండగా పలుకరించినచో ఆయన తడబడవచ్చును, పడవచ్చును. కావున ఆయన నిలిచిన పిమ్మటనే మాటలాడవలెను. అడుగు పడక నిలిచిపోయినవారికి నేలపై గీచిన అడ్డగీతలు తోడ్పడుట కలదు. కంటికి కనబడు గీత పాడైన బాటకు బదులు వేఱొక బాటను తెఱచును. ఒకేసారి పది మాటలు చెప్పక, ఒక్కొక్కటిగా చెప్పవలెను. ప్రశ్న వేసి, ప్రత్యుత్తరము వచ్చువఱకు ఓపికతో వేచియుండవలెను. క్రమమైన వ్యాయామమును ప్రోత్సహింపవలెను.

రోగి ముఖకండరములు బిగిసియుండుటచే ఆయన ముఖమున నవ్వు కనబడదు. అది కోపమని పిల్లలు తలపవచ్చును. ప్రత్యుత్తరము ఆలస్యమైనచో మొండితనమని పెద్దలు తలపవచ్చును. ఈ రెండును పొరపాట్లే. మాట బయటికి వచ్చు బాట దూరమైనదే కాని, లోనున్న మనిషి దూరము కాలేదు. ఈ సంగతి నెఱిగి, వణకు చేతిని పట్టుకొని, తమ అడుగును ఆ వృద్ధుని అడుగునకు తగ్గించి నడచు బాలుడే నిజమైన విద్యావంతుడు.